పోర్ట్ 22 దగ్గర మౌనం: రిపోజిటరీ టైమౌట్లపై తేలినవి, తేలనివి

రాయ్‌పూర్ రైల్వే స్టేషన్‌కు ఆనుకుని ఉన్న గుఢియారీ టోకు వ్యాపారానికి పేరున్న ప్రాంతం. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ రైలుమార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ రాకపోకలు పెరిగాయి. రైల్వే ఉద్యోగాలు, ఆ తర్వాత భిలాయ్ ఉక్కు కర్మాగారం చాలా తెలుగు కుటుంబాలను ఆ ప్రాంతానికి తీసుకెళ్లాయి. అక్కడి కొత్త తరానికి ఇప్పుడు కోడ్ రాయడం కూడా ఒక జీవనాధారం. గుఢియారీలో కూర్చున్నా, గాజువాకలో కూర్చున్నా, రాసిన కోడ్‌ను దూరాన ఉన్న రిపోజిటరీకి పంపబోతే ఒక్కోసారి తెర మీద అదే వాక్యం కనిపిస్తుంది: పోర్ట్ 22, కనెక్షన్ టైమ్డ్ అవుట్.

దీనికి సలహాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. కీ మళ్లీ తయారుచేయమని ఒకరంటారు. హెచ్‌టీటీపీఎస్‌కు మారమని మరొకరు, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోమని ఇంకొకరు, ఐపీవీ6 ఆపేయమని వేరొకరు చెబుతారు. ప్రతి సలహా ఎవరికో ఒకరికి పనిచేసింది, ఇంకొకరికి పనిచేయలేదు. కారణం ఒకటే. టైమౌట్ అనేది ఒక రోగం కాదు, చాలా రోగాలకు ఉమ్మడి లక్షణం. ఈ చర్చ ఎలా మొదలైంది, ఎన్ని పాయలుగా చీలింది, ఏది తేలింది, ఏది తేలలేదు అన్నది ఈ సమీక్ష విషయం.

## చిక్కు ఎలా పెరిగింది

1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. దానికి విరుగుడుగా అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ రెండు యంత్రాల మధ్య సంభాషణను గుప్తీకరించే ఎస్‌ఎస్‌హెచ్‌ను రాశాడు. ఎఫ్‌టీపీ పోర్ట్ 21లో, టెల్నెట్ పోర్ట్ 23లో ఉన్నాయి. ఆ రెండింటి మధ్య ఖాళీగా ఉన్న 22ను ఆయన అడిగి తీసుకున్నాడు. 1999 డిసెంబరులో ఓపెన్‌బీఎస్‌డీ 2.6తో పాటు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వచ్చింది. 2006 జనవరిలో ఈ ప్రోటోకాల్ ఇంటర్నెట్ ప్రమాణంగా అచ్చయింది.

అప్పటికి ఇది ప్రధానంగా సర్వర్లను నిర్వహించేవారి సాధనం. 2005 ఏప్రిల్‌లో లీనస్ టోర్వాల్డ్స్ కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ మొదలుపెట్టాడు, 2008లో గిట్ రిపోజిటరీలను ఉంచే గిట్‌హబ్ వచ్చింది. దాంతో సర్వర్ ముఖం ఎన్నడూ చూడని విద్యార్థికి కూడా పోర్ట్ 22 నిత్యావసరమైంది. 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకు ఖాతా పాస్‌వర్డ్ చెల్లదని గిట్‌హబ్ తేల్చేసింది. అప్పటిదాకా పాస్‌వర్డ్‌తో నెట్టుకొచ్చినవారికి రెండు దారులు మిగిలాయి: హెచ్‌టీటీపీఎస్‌లో టోకెన్, లేదా ఎస్‌ఎస్‌హెచ్ కీ.

ఈలోగా కింద నెట్‌వర్క్ స్వరూపమే మారిపోయింది. 2011 ఏప్రిల్ నాటికి ఆసియా–పసిఫిక్ ప్రాంతానికి ఐపీవీ4 చిరునామాల నిల్వ చివరి భాగానికి చేరింది. వందల ఇళ్లను ఒకే బహిరంగ చిరునామా వెనక దాచే పద్ధతి సర్వీస్ ప్రొవైడర్లకు తప్పనిసరైంది. 2016లో జియో వచ్చాక మొబైల్ డేటాలో ఐపీవీ6 వాటా బాగా పెరిగింది. కళాశాలలు, కార్యాలయాలు ఫైర్‌వాళ్లను బిగించి 80, 443 పోర్ట్‌లను మాత్రమే తెరిచి ఉంచాయి. పైన ఎస్‌ఎస్‌హెచ్ అవసరం పెరుగుతూ వచ్చింది, కింద దానికి దారి ఇరుకవుతూ వచ్చింది. ఈ రెండు ధోరణులు ఢీకొన్న చోటే నేటి టైమౌట్లు పుడుతున్నాయి.

ప్రభుత్వ నిరోధం కూడా ఈ కథలో భాగమే. 2014 డిసెంబరులో టెలికాం శాఖ 32 వెబ్‌సైట్లను ఆపమని ఆదేశించింది. గిట్‌హబ్, విమియో, ఆర్కైవ్.ఆర్గ్ ఆ జాబితాలో ఉన్నాయి. కొన్నాళ్లకే కొన్నింటిపై నిషేధం ఎత్తేశారు. కానీ ఆదేశం ఒకటే అయినా ఒక్కో ప్రొవైడర్ ఒక్కోలా అమలు చేయడంతో ఒక ఇంట్లో తెరుచుకున్నది పక్కింట్లో తెరుచుకోలేదు. సమస్య తన కంప్యూటర్‌లో ఉందా, ప్రొవైడర్ దగ్గర ఉందా, ఢిల్లీలో ఉందా అని సామాన్య వాడుకరి తేల్చుకోలేని పరిస్థితిని ఆ ఉదంతం దేశం ముందు పెట్టింది.

## మౌనం ఏ మెట్టు మీద?

వాదాలలోకి వెళ్లే ముందు అందరూ ఒప్పుకునే విషయం ఒకటుంది. రిపోజిటరీతో మాట కలవడానికి ఆరు మెట్లు ఎక్కాలి: పేరు నుంచి చిరునామా తెలుసుకోవడం, టీసీపీ కనెక్షన్, రెండువైపులా వెర్షన్ పరిచయం, కీ మార్పిడి, గుర్తింపు నిర్ధారణ, ఆ తర్వాత గిట్ సంభాషణ. ఎస్‌ఎస్‌హెచ్ ఆదేశానికి 'వి' ఐచ్ఛికం జోడిస్తే ఏ మెట్టు మీద ఆగిందో తెర మీదే కనిపిస్తుంది.

'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వస్తే అవతల నుంచి కాదన్న జవాబు వచ్చినట్టే. 'పర్మిషన్ డినైడ్' అంటే గుర్తింపు దాకా చేరి అక్కడ ఆగామని. టైమౌట్‌లో మాత్రం అసలు జవాబే రాదు. టీసీపీ దశలోనే ఆగిపోయినవారు కీలు మార్చుకోవడం వృథా శ్రమ, ఎందుకంటే ఆ దశలో కీని అడిగినవాళ్లే లేరు. 'కొత్త కీ చేసుకో' అన్న సలహా ఇంత ప్రచారంలో ఉన్నా, టీసీపీ దశలో వచ్చే టైమౌట్‌కు దానితో సంబంధం లేదు. ఈ విషయంలో నిపుణులకు భిన్నాభిప్రాయం లేదు.

ఎంతసేపు వేచి ఉండాలన్నది కూడా యంత్రాన్ని బట్టి మారుతుంది. లినక్స్ చాలాకాలం మొదటి ప్యాకెట్‌ను ఆరుసార్లు తిరిగి పంపి, మొత్తం 127 సెకన్లకు చేతులెత్తేసేది. మ్యాక్‌లో ఆ గడువు సుమారు 75 సెకన్లు, విండోస్‌లో 21 సెకన్లు. ఒకే గదిలో ఒకే వైఫై మీద ఉన్న ముగ్గురు మూడు రకాలుగా వర్ణించడానికి కారణం ఇదే. ఎస్‌ఎస్‌హెచ్ అమరికల్లో కనెక్ట్‌టైమౌట్ విలువను 10 సెకన్లుగా పెట్టుకుంటే పరీక్షలు చకచకా సాగుతాయి.

## మొదటి వాదం: దారి మార్చుకుందాం

ఈ వర్గం మాట సూటిగా ఉంటుంది. పోర్ట్ 22 మూసేసి ఉంటే దానితో కుస్తీ ఎందుకు? 443 దాదాపు ప్రతిచోటా తెరిచే ఉంటుంది. గిట్‌హబ్ 'ఎస్‌ఎస్‌హెచ్.గిట్‌హబ్.కామ్' అనే ప్రత్యేక చిరునామాలో 443 మీద కూడా ఎస్‌ఎస్‌హెచ్‌ను స్వీకరిస్తుంది. గిట్‌ల్యాబ్, బిట్‌బకెట్ కూడా 'ఆల్ట్‌ఎస్‌ఎస్‌హెచ్' పేరుతో అదే సౌకర్యం ఇస్తున్నాయి. అమరికల ఫైల్లో మూడు నాలుగు వరుసలు రాసుకుంటే చాలు, రిపోజిటరీ చిరునామాను కూడా మార్చనక్కర్లేదు. లేదంటే పూర్తిగా హెచ్‌టీటీపీఎస్‌కు మారవచ్చు. 2009 చివర్లో వచ్చిన గిట్ 1.6.6 నుంచి ఆ మార్గం ఎస్‌ఎస్‌హెచ్‌తో సమానంగా చురుగ్గా నడుస్తోంది.

వెంటనే పని జరగడం ఈ వాదానికి బలం. కళాశాల ప్రయోగశాలలో రేపటి గడువు ముందున్న విద్యార్థికి ఇంతకంటే మంచి సలహా లేదు.

అయితే మూడు పరిమితులున్నాయి. మొదటిది, ఎస్‌ఎస్‌హెచ్ తన వెర్షన్ పరిచయాన్ని గుప్తీకరించకుండానే పంపుతుంది. అందువల్ల లోపలికి తొంగిచూసే ఫైర్‌వాల్ 443 మీద కూడా దాన్ని పసిగట్టి ఆపగలదు. రెండోది, ఈ సౌకర్యం పెద్ద సేవలకే ఉంది. వికీమీడియా కోడ్ ఉండే గెరిట్ సర్వర్ 29418 పోర్ట్ మీద ఎస్‌ఎస్‌హెచ్‌ను వింటుంది. తెలుగు వికీపీడియాకు సాఫ్ట్‌వేర్ పరికరాలు రాసే కార్యకర్త 22కు మాత్రమే సడలింపు ఇచ్చిన నెట్‌వర్క్‌లో ఉంటే మళ్లీ మొదటికొస్తుంది. మూడోది, దారి మారగానే పని జరిగిపోతుంది కాబట్టి 22 ఎందుకు మూసి ఉందో ఎవరూ అడగరు. రేపు అదే నెట్‌వర్క్ నుంచి సొంత సర్వర్‌కు వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆ ప్రశ్న తిరిగి ముందుకొస్తుంది.

## రెండో వాదం: మూలం పట్టుకుందాం

ఈ వర్గం మెట్టు మెట్టుగా వెతకమంటుంది. అలా వెతికినవారు బయటపెట్టిన కారణాల్లో నాలుగు ముఖ్యమైనవి.

ఒకటి, చిరునామా కుటుంబం. ఒక సర్వర్‌కు ఐపీవీ6, ఐపీవీ4 రెండూ ఉంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాటిని వరుసగా ప్రయత్నిస్తుంది. మొదటిది మౌనం వహిస్తే గడువు పూర్తయ్యేదాకా రెండోదాని జోలికి పోదు. బ్రౌజర్లు రెండింటినీ దాదాపు ఒకేసారి ప్రయత్నించే పద్ధతికి ఎప్పుడో మారాయి. 'బ్రౌజర్‌లో తెరుచుకుంటోంది, టెర్మినల్‌లో రావడం లేదు' అన్న ఫిర్యాదుకు ఇదొక కారణం. ఆదేశంలో '4' ఐచ్ఛికం పెట్టి చూస్తే క్షణంలో తేలిపోతుంది.

రెండు, ప్యాకెట్ పరిమాణం. కనెక్షన్ కలుస్తుంది, పరిచయాలూ అవుతాయి, కీ మార్పిడి జవాబు కోసం ఎదురుచూస్తూ అంతా ఆగిపోతుంది. ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్‌లో వాడే పీపీపీఓఈ వల్ల ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం 1500 నుంచి 1492 బైట్లకు తగ్గుతుంది. వీపీఎన్, మొబైల్ నెట్‌వర్క్‌లో జరిగే ఐపీవీ4–ఐపీవీ6 అనువాదం దాన్ని ఇంకా తగ్గిస్తాయి. పెద్ద ప్యాకెట్ పట్టదని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని మధ్యలో ఏదో ఫైర్‌వాల్ మింగేస్తే పంపినవారికి సంగతే తెలియదు. ఈ లోపాన్ని 2000 నాటి ఇంటర్నెట్ పత్రాలే వివరించాయి. ఇప్పుడది మళ్లీ ముందుకొచ్చే అవకాశముంది. క్వాంటమ్ కంప్యూటర్లకు లొంగని కీ మార్పిడిని ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 2022లో వచ్చిన 9.0 నుంచి సహజ అమరికగా చేసింది. 2025లో వచ్చిన 10.0లో ఎంఎల్‌–కెమ్ పద్ధతికి మారింది. అందులో బహిరంగ కీ ఒక్కటే 1184 బైట్లు, క్వాంటమ్ భయానికి ముందటి పాత పద్ధతిలో 32 బైట్లు. అంతకుముందు ఒక ప్యాకెట్‌లో సులువుగా ఒదిగిన మాట ఇప్పుడు అంచుల దాకా వస్తోంది. కంప్యూటర్‌లో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని (ఎంటీయూ) 1400కు తగ్గించి చూడటం దీనికి సులువైన పరీక్ష.

మూడు, ప్యాకెట్ల మీద వేసే ప్రాధాన్య ముద్ర. 2018 ఆగస్టులో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.8 ఆ ముద్రలను మార్చింది. కొన్ని రౌటర్లు, వర్చువల్ మెషీన్లు కొత్త ముద్రలను సరిగా చూడలేక కనెక్షన్లను తెంచేశాయి. ఐపీక్యూఓఎస్ అమరికను పాత విలువలకు తిప్పితే నయమైన సందర్భాలు చాలా ఉన్నాయి.

నాలుగు, మధ్యలో వచ్చే మౌనం. పెద్ద రిపోజిటరీని తెచ్చుకునేటప్పుడు సర్వర్ లెక్కలు వేసుకుంటూ కాసేపు ఏమీ పంపదు. అటు 'పుష్' చేసేముందు మన యంత్రంలో పరీక్షలు నడిపే హుక్ ఉంటే, కనెక్షన్ తెరిచిపెట్టి మరీ అవి పూర్తయ్యేదాకా ఆగాలి. ఈలోగా ఒకే బహిరంగ చిరునామాను చాలామందికి పంచే పెట్టె ఆ కనెక్షన్‌ను తన పట్టిక నుంచి చెరిపేయవచ్చు. నిలిచి ఉన్న టీసీపీ కనెక్షన్‌ను కనీసం 2 గంటల 4 నిమిషాలు గుర్తుంచుకోవాలని ప్రమాణం చెబుతోంది. చౌక రౌటర్లు, రద్దీగా ఉన్న నెట్‌వర్క్‌లు అంతసేపు ఆగవు. సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్‌ను 30 లేదా 60 సెకన్లుగా పెట్టుకోవడం దీనికి నమ్మదగిన మందు. అయితే టీసీపీ మెట్టులోనే ఆగినవారికి ఈ మందు ఏమీ చేయదు.

ఈ వాదం సరైనదే, కానీ సమయం, నేర్పు రెండూ అడుగుతుంది. పైగా కారణం తెలిసినా దాన్ని సరిచేసే అధికారం చాలాసార్లు వాడుకరి చేతిలో ఉండదు.

## మూడో వాదం: నిర్వాహకుల మాట

నెట్‌వర్క్‌ను, సర్వర్‌ను కాపాడేవారు ఈ మౌనాన్ని లోపం అనరు, కావాలని పెట్టుకున్న కాపలా అంటారు. బయటికి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ అంటే గుప్త సొరంగం. దాని గుండా సంస్థ సమాచారం తరలిపోతే తెలియదు. లోపలికి వచ్చే 22 మీద పాస్‌వర్డ్ ఊహించే యంత్రాల దాడి రాత్రింబవళ్లు సాగుతుంది. 2024 జూలైలో బయటపడిన 'రిగ్రెషన్' (regreSSHion) లోపం ఈ భయానికి ఆధారం. లాగిన్ గడువు ముగిసే క్షణంలో సర్వర్ చేసే పనిలోనే ఆ కన్నం ఉంది.

క్లౌడ్‌లో కూడా ఇదే పద్ధతి. 2022 నవంబరులో హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ రీజియన్ మొదలయ్యాక చిన్న సంస్థలు కూడా తమ రిపోజిటరీని దగ్గర్లోనే పెట్టుకునే వీలు కలిగింది. అక్కడి సెక్యూరిటీ గ్రూప్‌లో పేర్కొన్న చిరునామాల నుంచి వచ్చినవాటినే రానిస్తారు, మిగతా ప్యాకెట్లను జవాబు లేకుండా పారేస్తారు. ఇంటి కనెక్షన్ చిరునామా రాత్రికి రాత్రి మారితే తెల్లారేసరికి టైమౌట్. ఇటువంటి కేసుల్లో సర్వర్‌లో గానీ కీలో గానీ తప్పేమీ ఉండదు.

ఇక్కడే న్యాయానికి సంబంధించిన ప్రశ్న ఒకటి లేస్తుంది. 2024లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8 తప్పుగా ప్రవర్తించిన చిరునామాకు కొంతసేపు శిక్ష వేసే ఏర్పాటు తెచ్చింది. ఫెయిల్‌2బ్యాన్ వంటి పరికరాలు చాలా ఏళ్లుగా ఇదే చేస్తున్నాయి. ఒక చిరునామా ఒక మనిషికి చెందితే ఇది సమంజసమే. మన దేశంలో ఒకే చిరునామా వెనక ఒక వీధి మొత్తం ఉండవచ్చు. ఒక ఇంట్లో వైరస్ పట్టిన యంత్రం చేసిన తప్పుకు ఆ వీధిలో నేర్చుకునే పిల్లలంతా శిక్ష అనుభవిస్తారు.

## నాలుగో వాదం: రిపోజిటరీనే దగ్గరకు తెచ్చుకుందాం

దూరపు సేవల మీద ఆధారపడటమే అసలు సమస్య అనేది ఈ వర్గం నమ్మకం. తెలుగు నాట స్వేచ్ఛ సంస్థ గిట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌తో సొంత రిపోజిటరీని నడుపుతోంది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ ప్రభుత్వ కోడ్ కోసం ఓపెన్‌ఫోర్జ్‌ను ఏర్పాటు చేసింది. కళాశాలలో స్థానిక ప్రతి ఒకటి ఉంటే బయటి దారి మూసుకున్నా పని ఆగదు. గిట్ పుట్టుకే ప్రతి ఒక్కరి దగ్గరా పూర్తి చరిత్ర ఉండాలన్న ఆలోచనతో జరిగింది కాబట్టి ఈ వాదం దాని స్వభావానికి దగ్గరగా ఉంది. 'బండిల్' ఆదేశంతో రిపోజిటరీని ఒకే ఫైలుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో కూడా ఇవ్వవచ్చు.

అయితే సొంత సర్వర్‌కు నిర్వహణ భారం ఉంటుంది. నవీకరణలు, బ్యాకప్‌లు, విద్యుత్, దాడుల నుంచి రక్షణ అన్నీ చూసుకోవాలి. వీటికి మనుషులను కేటాయించలేని చోట స్థానిక సర్వరే కొత్త టైమౌట్లకు నెలవవుతుంది.

## పోల్చి చూస్తే

- టీసీపీ దశలోనే మౌనం: ఫైర్‌వాల్, తప్పు చిరునామా, చెడిన ఐపీవీ6 దారి, మారిన ఇంటి చిరునామాలను అనుమానించాలి. వేరే నెట్‌వర్క్ నుంచి పరీక్షించడం, '4' ఐచ్ఛికం, 443 దారి మొదట చూడాలి.
- పరిచయం అయ్యాక, కీ మార్పిడిలో మౌనం: ప్యాకెట్ పరిమాణం చూడాలి. ఎంటీయూ తగ్గించడం పరీక్షా అవుతుంది, తాత్కాలిక మందూ అవుతుంది.
- గుర్తింపు అయ్యాక ఆగడం: ప్రాధాన్య ముద్ర, చిరునామా పంచే పెట్టె గడువు, హుక్‌ల ఆలస్యం. ఐపీక్యూఓఎస్, సర్వర్‌అలైవ్ అమరికలు పనికొస్తాయి.
- వెంటనే కాదనడం లేదా మూసేయడం: ఇది టైమౌట్ కాదు. సర్వర్ రద్దీ, శిక్ష, లేదా తప్పు పోర్ట్.
- ఏ వర్గం ఎవరికి: గడువు తరుముతున్నవారికి మొదటిది, పదేపదే ఇబ్బంది పడేవారికి రెండోది, సంస్థలను నడిపేవారు తప్పక వినాల్సింది మూడోది, సమూహంగా నేర్చుకునేవారికి నాలుగోది.

ఇలా చూస్తే ఈ వర్గాల మధ్య వైరం పైకి కనిపించినంత లేదు. ఎక్కువసార్లు ఒకరు ఒక మెట్టు మీది మౌనం గురించి మాట్లాడుతుంటే మరొకరు వేరే మెట్టు గురించి జవాబిస్తున్నారు.

## ఇంకా తేలనివి

మొదటిది, ఆపదలచిన ప్యాకెట్‌ను మౌనంగా పారేయాలా, కాదని చెప్పాలా? పారేస్తే దాడి చేసేవారి వేగం తగ్గుతుందని ఒక పక్షం వాదన. వాళ్ల యంత్రాలు వేల చిరునామాలను ఒకేసారి తడుముతాయి కాబట్టి ఆ మౌనం బాధించేది నిజాయతీ వాడుకరులనేనని రెండో పక్షం అంటుంది. బహిరంగ ఇంటర్నెట్ వైపు మొదటి వాదానికి కొంత బలముంది. కళాశాల లోపలి నుంచి బయటికి వెళ్లే దారిలో ఆ వాదం నిలవడం కష్టం.

రెండోది, ఐపీవీ6 మార్పు. వాడుకరులు ఎన్నేళ్లుగా అడుగుతున్నా 2025 నాటికీ గిట్‌హబ్ ప్రధాన చిరునామా ఐపీవీ4 మీదే ఉంది. ఐపీవీ6 వాడకంలో ముందున్న మన దేశంలో ఆ సేవను చేరుకోవడానికి అనువాద పెట్టెల మీద ఆధారపడాల్సి వస్తోంది.

మూడోది, తెగిన చోట నుంచి కొనసాగడం. సగంలో తెగిన క్లోన్‌ను గిట్ ఇప్పటికీ మొదటి నుంచి తెస్తుంది. బండిల్ చిరునామా ద్వారా ముందుగా పెద్ద భాగాన్ని తెచ్చుకునే ఏర్పాటు 2022లో మొదలైంది కానీ సామాన్య వాడుకలోకి రాలేదు. దారి బలహీనంగా ఉన్న పట్టణాలకు ఇది చిన్న లోటు కాదు.

నాలుగోది, దోష సందేశం. ఎన్నో కారణాలకు ఒకే వాక్యం చూపించే పద్ధతి మారలేదు. ఏ మెట్టు మీద ఆగిందో, ఎంతసేపు ఆగిందో మామూలు సందేశంలోనే చెప్పగలిగితే తప్పు సలహాల్లో సగం పుట్టనే పుట్టవు.

## బాధ్యత ఎవరిది

ఇన్ని వాదాలను పక్కపక్కన పెట్టి చూశాక ఒకటి స్పష్టమవుతుంది. సాంకేతికంగా దాదాపు ప్రతి టైమౌట్‌కూ పరిష్కారం ఉంది. లేనిది ఆ పరిష్కారం దాకా నడిపించే జవాబు. పెద్ద సంస్థలో పనిచేసే ఇంజనీరుకు పక్క బల్ల దగ్గర నెట్‌వర్క్ బృందం ఉంటుంది. గుఢియారీ వంటి చోట ఒంటరిగా నేర్చుకునే విద్యార్థికి తెర మీది ఆ ఒక్క వాక్యమే ఆధారం. అది ఏమీ చెప్పకపోతే తప్పు తనదేననుకుని కీలు చెరిపి, ప్రోగ్రాములు మళ్లీ మళ్లీ ఎక్కించి, చివరికి ఈ పని తనకు రాదని నిర్ణయించుకునే ప్రమాదం ఉంది.

కాబట్టి సహాయం అడిగేవారు మూడు విషయాలు చెప్పాలి: ఏ మెట్టు మీద ఆగింది, ఏ నెట్‌వర్క్ మీద ఉన్నారు, వేరే నెట్‌వర్క్ మీద ఏమైంది. సలహా ఇచ్చేవారు ఆ మూడూ తెలియకుండా మందు చెప్పకూడదు. దారి మూసే నిర్వాహకులు మూసినట్టు చెప్పాలి. తమ ప్రాంగణం లోపలివారికి ఫైర్‌వాల్ స్పష్టమైన తిరస్కారం పంపాలి, ఏ పోర్ట్‌లు తెరిచి ఉన్నాయో నోటీసు బోర్డు మీద ఉండాలి. మూసే హక్కు వారికి ఉంది. మూశామని చెప్పే బాధ్యత కూడా ఆ హక్కుతోనే వస్తుంది. ఈ బాధ్యతను నెరవేర్చడానికి కొత్త ప్రమాణాలు రావాల్సిన పని లేదు, ఫైర్‌వాల్‌లో ఒక్క నియమం మారిస్తే సరిపోతుంది.